మిద్దె మీద బొమ్మ రైలు లేఅవుట్: పొద్దున బిగువుగా ఉన్న ఓహెచ్ఈ (పట్టాల పైన కట్టే కరెంటు) తీగ మధ్యాహ్నానికి జారుతోంది, ఏం చేయాల?

గుంతకల్లు_లోకో
అనంతపురంలో మా మిద్దె మీది గదిలో హెచ్‌ఓ లేఅవుట్ (అసలు రైలుకు 87వ వంతు కొలత) కడుతున్నా. గోడ పొడవునా మూడు మీటర్ల బల్ల, రెండు మెయిన్ లైన్లు, ఒక లూపు, చివర్లో గోడలోకి పోయే సొరంగం. గుంతకల్లు యార్డు కళ రావాలని నా ఆశ. పట్టాలు, దారి మార్చే పాయింట్లు, సిగ్నళ్లు అయిపోయినాయి. ఇప్పుడు పైన కరెంటు తీగల పని పట్టుకున్నా.
నేరుగా పోయే ముక్క రెండు మీటర్ల నలభై. 48 సెంటీమీటర్లకు ఒక మాస్టు (తీగను మోసే స్తంభం). రివైండింగ్ షాపులో దొరికే 26 గేజ్ రాగి తీగ తెచ్చి ప్రతి మాస్టు దగ్గరా టంకం వేసి బిగించినా. పొద్దున చూస్తే గీత గీసినట్టు ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే ప్రతి రెండు మాస్టుల మధ్యా జారిపోతుంది, లోకో పాంటో (ఇంజను నెత్తిన తీగకు ఆనే చట్రం) దాంట్లో చిక్కుకుంటుంది. రాత్రికి మల్లా మామూలే. ఇంకా గట్టిగా లాగితే మాస్టులు వంగుతున్నాయి. ఏ తీగ వాడాల, ఎట్ల కట్టాల? తీగలో నిజంగా కరెంటు పెట్టేది అవసరమా?

తాడిపత్రి_గూడ్సు
ఫోటో పెట్టన్నా. లోకో ఏది?

గుంతకల్లు_లోకో
వ్యాప్-7 కరెంటు ఇంజను. ఒక మిత్రుడు చేత్తో చేసి ఇచ్చినాడు. ఫోటో రాత్రికి పెడతా, ఇప్పుడు గదిలోకి పోతే ఉడికిపోతాం.

డోన్_జంక్షన్
రాగి అంత సాగదు బ్రదర్. పొద్దటికీ మధ్యాహ్నానికీ తేడా 14 డిగ్రీలు అనుకో. రెండు మీటర్ల నలభైకి కలిపి అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ పెరుగుతుంది, అంతే. అర మిల్లీమీటరుకు తీగ వేలాడుతుందా? నీ ప్లైవుడ్ బల్లే వంగుతోంది. కింద అడ్డపట్టీలు చూసుకో.

గుత్తి_షెడ్డు
డోన్ అన్న లెక్క కరెక్టే, తేల్చింది మాత్రం తప్పు. పొడవు కొంచెం పెరిగితే జారుడు కొంచెమే ఉంటుందనుకోవద్దు. 48 సెంటీమీటర్ల ఒక్క స్పాను, అంటే రెండు మాస్టుల మధ్య ముక్క తీసుకోండి. దానికి వచ్చే పెరుగుదల 0.11 మి.మీ. నేరుగా ఉన్న తీగ అంత పెరిగితే మధ్యలో ఎంత దిగుతుందో చూడాలంటే స్పానును పెరుగుదలతో గుణించి, మూడు రెట్లు చేసి, ఎనిమిదితో భాగించి, వర్గమూలం తీయాల. నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తుంది! బల్ల కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి మూడున్నర, నాలుగు అనుకోండి. 87తో హెచ్చవేస్తే అసలు రైల్లో ఇది ఒక అడుగుకు పైన. పాంటో చిక్కుకోకుండా ఎట్ల ఉంటుంది?

డోన్_జంక్షన్
కాగితం మీద వేసి చూసినా. వాస్తవమే. 0.11కు నాలుగు మిల్లీమీటర్లా! బల్ల మీద పెట్టిన అనుమానం తీసేసినా, అడ్డపట్టీలు మాత్రం ఎప్పటికైనా మంచివే.

టవర్‌వ్యాగన్_తాత
కడపలో ఉంటా. రైల్వే టీఆర్‌డీలో (కరెంటు తీగలు చూసే విభాగం) ఓహెచ్ఈ పనే చేసి రిటైరైనా. చానా రోజులకు ఇట్లాంటి ప్రశ్న చూసినా, కొంచెం పొడవుగా రాస్తా, ఓపిగ్గా చదవండి.
గుంతకల్లు నాయనా, నీకు వచ్చిన చిక్కే అసలు రైల్వేకీ ఉంది. రేణిగుంట నుంచి ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా గుంతకల్లు దాకా మా ఎండలు తెలుసు కదా. తీగ ఎండకు పెరగకుండా ఎవరూ ఆపలేరు. అందుకని పెరగనిస్తాం. పెరిగిన పొడవును చివర్లో లాగేసుకుంటాం. ఒక తీగ పొడవు గరిష్ఠంగా 1500 మీటర్లు. నట్టనడుమ ఒక్కచోట మాత్రం కదలకుండా బిగిస్తాం, దాన్ని యాంటీ క్రీప్ అంటాం. రెండు చివర్లా పుల్లీల మీదుగా బరువులు వేలాడుతుంటాయి. రైల్లో పోతూ మాస్టు పక్కన గుండ్రటి బిళ్లలు దొంతరగా వేలాడేది చూసుంటారు, అవే. పాంటో రాసుకునే కాంటాక్ట్ వైరుకు 1000 కిలోలు, దాన్ని పైనుంచి మోసే క్యాటినరీ తీగకు 1000 కిలోలు లాగుడు ఎప్పుడూ ఒకటే ఉంటుంది, ఎండయినా చలయినా. నడుమ నుంచి చివరికి 750 మీటర్లు. 40 డిగ్రీల తేడాకు తీగ అర మీటరు జరుగుతుంది. అందుకే మాస్టుకున్న కాంటిలీవర్, అంటే తీగను పట్టుకునే చెయ్యి, తలుపు మాదిరి అటూ ఇటూ తిరుగుతుంది. తీగను అక్కడ బిర్రుగా మాస్టుకే కట్టేసుంటే తెగేది, లేకుంటే మాస్టును వంచేది.
నువ్వు ప్రతి మాస్టుకూ టంకం వేసినావు. ఒక్కో స్పాను విడివిడిగా బందీ అయిపోయింది. అవన్నీ విప్పు. నడి మాస్టు ఒక్కదానికే ఉంచు. మిగతా మాస్టుల దగ్గర తీగ జారేట్టు చిన్న కొక్కెం చాలు. రెండు చివర్లా తీగను బల్ల కిందికి దింపి బరువు కట్టు.

గుంతకల్లు_లోకో
తాతా, దండాలు. ఇది నాకు తట్టనే లేదు. బరువు ఎంత కట్టాల? 1000 కిలోలకు 87తో భాగిస్తే సరిపోతుందా?

గుత్తి_షెడ్డు
వద్దు వద్దు, అట్ల భాగిస్తే 11 కిలోలు. బల్లే లేస్తుంది. తీగ తన బరువుకు తాను జారకుండా ఉండాలంటే చానా తక్కువ చాలు. 26 గేజ్ రాగి మీటరుకు గ్రామున్నర కూడా తూగదు. 50 గ్రాములు కడితే 48 సెంటీమీటర్ల స్పానులో జారుడు ఒక మిల్లీమీటరు లోపే.

టవర్‌వ్యాగన్_తాత
పాంటో తీగకు తగలకుండా ఉంటే 50 గ్రాములు సరే. తగిలితే చాలదు. అసలు లోకోలో పాంటో తీగను పైకి నెట్టేది సుమారు 7 కిలోలతో. తీగ లాగుడు 1000. మీ బొమ్మ పాంటో స్ప్రింగు 3 గ్రాములతో నెడుతుందనుకోండి, అదే పాళ్లలో తీగకు 400 గ్రాముల పైన కావాల. 50 గ్రాములతో వదిలేస్తే లోకో పోయే చోటల్లా తీగ ఏడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. చూసేదానికి బాగుండదు.

కర్నూలు_సిటీ
మా లేఅవుట్‌లో చేపల గాలానికి కట్టే సీసపు గుళ్లు వాడినాం. తుంగభద్ర ఒడ్డు కాబట్టి ఆ అంగళ్లు మాకు దగ్గర. ఒక్కో గుండు తూకం వేసి దారానికి గుచ్చుకుంటే ఎంత కావాలంటే అంత. బల్ల కింద వేలాడుతుంటాయి, ఎవరికీ కనపడవు.

తాడిపత్రి_గూడ్సు
బాల్‌పెన్ను స్ప్రింగు పెడితే చాలదా? మా దోస్తు అదే పెట్టినాడు.

గుత్తి_షెడ్డు
చిన్న లేఅవుట్‌కు చాలు. కానీ స్ప్రింగు సాగేకొద్దీ లాగుడు మారుతుంది, బరువుకు ఆ బాధ లేదు. పైగా బాల్‌పెన్నుది నొక్కితే పనిచేసే స్ప్రింగు, లాగేదానికి వాడితే కొక్కేలు వంచుకోవాల. బల్ల కింద చోటు లేనప్పుడే స్ప్రింగు.

మీటర్‌గేజ్_నంద్యాల
ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. గుంతకల్లు కళ అంటే పొగబండి, మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ పక్కపక్కన. హుబ్లీ నుంచి గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగా బెజవాడకు పోయే మీటర్ గేజ్ లైను మాది. ఆకాశం మొత్తం కనపడే స్టేషన్ అది. మన సీమకు తీగలు మొన్న మొన్న వచ్చినాయి. బొంబాయి వీటీ నుంచి కుర్లాకు 1925 ఫిబ్రవరి 3న కరెంటు రైలు నడిస్తే, మన కాడ ఎన్ని దశాబ్దాల తర్వాత? అంత శ్రమపడి తీగలు ఎందుకు, 1960ల గుంతకల్లు కట్టొచ్చు కదా?

గుంతకల్లు_లోకో
సార్, మీరు చూసిన గుంతకల్లు మీకు గొప్ప. నేను పుట్టి పెరిగి చూసింది వేరే. మా నాయన స్టేషన్‌కు తీసకపోతే తీగల కింద నిలబడి పాంటో పైకి లేచేది చూసేవాణ్ని. నాకు రైలంటే అదే. తీగలు లేని గుంతకల్లు నేను కట్టలేను.

మీటర్‌గేజ్_నంద్యాల
అట్లయితే కట్టాల్సిందే. నాది నేను కడతా. బొగద సొరంగం, దొరబావి వంతెన. నువ్వొచ్చి చూడాల.

డోన్_జంక్షన్
మాస్టుల సంగతి అడగనే లేదు ఎవరూ. దేంతో చేసినావు? వంగుతున్నాయంటున్నావు.

గుంతకల్లు_లోకో
మెత్తటి ఇత్తడి కడ్డీ, ఒకటిన్నర మిల్లీమీటరు. బల్లలో రంధ్రం వేసి జిగురుతో నిలబెట్టినా.

డోన్_జంక్షన్
సైకిల్ స్పోకు పుల్లలు వాడు. ఇది నేను గట్టిగా చెప్తా. మామూలు సైకిల్ పుల్ల 2 మి.మీ. మందం. 87తో గుణిస్తే 174. అసలు మాస్టుకు వాడే వెడల్పు రెక్కల దూలం 150 మి.మీ. పైచిలుకు. రెండడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. ఉక్కు కాబట్టి వంగదు. అన్నిటికంటే మేలు ఏమంటే, ఒక చివర మర ఉంటుంది, దానికి నిప్పిల్ ఉంటుంది. పుల్లకు బల్ల మట్టం కాడ ఒక చిన్న వాషర్ టంకం వేసి, పై నుంచి దించి, కింద నిప్పిల్ బిగించు. వాషర్ చూసేదానికి కాంక్రీట్ పునాది మాదిరి ఉంటుంది. రేపు మాస్టు తీయాలన్నా నిప్పిల్ తిప్పితే వచ్చేస్తుంది. వంకర తల ముక్క కత్తిరించి, బల్ల పైన 90 మి.మీ. ఉండేట్టు చూసుకో.

ఎర్రగుంట్ల_లైను
పుల్లకు టంకం అంటదు. జింకు పూత ఉన్నవాటికి కష్టం, స్టెయిన్‌లెస్ అయితే ఇంకా కష్టం.

డోన్_జంక్షన్
గరుకు కాగితంతో పూత గీకేసి, యాసిడ్ ఫ్లక్స్ పూస్తే పడుతుంది. 25 వాట్ల ఐరన్‌తో కాదు, 60 వాట్లది పట్టు. పని అయినాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగేయాల, లేకుంటే తుప్పు.

తాడిపత్రి_గూడ్సు
వెలిగారం పెడితే టంకం బాగా పడుతుందంట కదా. మా అవ్వ వాళ్ల ఇంటి పక్క ఆచారి అదే వాడతాడు.

పొద్దుటూరు_కమ్మచ్చు
ఆచారినే నేనూ. తమ్ముడూ, వెలిగారం మా బంగారు పనికి. అది కరిగేదే 740 డిగ్రీల పైన. మీ సీసం టంకం 190లోపే కరిగి పారిపోతుంది. వెలిగారం అక్కడ ఉప్పు చల్లినట్టే పడి ఉంటుంది, ఏ పనీ చేయదు. రాగికీ ఇత్తడికీ రోసిన్ చాలు. ఉక్కుకు డోన్ అన్న చెప్పిన యాసిడ్.
తీగ గురించి నాకు తెలిసింది చెప్తా. రివైండింగ్ తీగ వద్దు. అది మోటరులో చుట్టేదానికి కాల్చి మెత్తబరిచిన రాగి. పైన ఎనామిల్ పూత వేరే. బరువు కడితే రోజూ కొంచెం కొంచెం సాగుతూనే ఉంటుంది. గట్టి తీగ కావాలంటే కమ్మచ్చులో, అంటే తీగలు సన్నం చేసే కన్నాల పలకలో లాగాల. మామూలు రాగి తీగ తీసుకొని, కాల్చి చల్లార్చి, 0.6 నుంచి ఒక్కో కన్నంలో లాగుతూ 0.3 దాకా తెస్తే, మధ్యలో మల్లా కాల్చకుంటే, తీగ గట్టిపడి వెన్ను నిలుపుతుంది. వంచి వదిలితే మల్లా నిటారుగా వస్తుంది.

టవర్‌వ్యాగన్_తాత
భలే చెప్పినావు ఆచారీ! అసలు కాంటాక్ట్ వైరు కూడా అట్ల లాగి గట్టిపరిచిన రాగే. 107 చదరపు మిల్లీమీటర్లు, 12.24 మి.మీ. వ్యాసం. పైన క్యాటినరీది 65 చదరపు మిల్లీమీటర్లు, కాడ్మియం కలిపిన రాగి. మీ పని, మా పని ఒకటే.

గుత్తి_షెడ్డు
12.24ని 87తో భాగిస్తే 0.14. అంత సన్నం కడితే చెయ్యి తగిలితే తెగుతుంది. జర్మనీ సొమ్మర్‌ఫెల్ట్ వాళ్ల తయారు తీగలు కూడా దీనికంటే చానా లావు. 0.3 మంచి మధ్యస్థం.

ఎర్రగుంట్ల_లైను
గిటారు తీగ? 0.25 ఉక్కు. సంగీతం అంగట్లో దొరుకుతుంది, సాగదు, ఎండకు రాగి కంటే తక్కువ పెరుగుతుంది.

పొద్దుటూరు_కమ్మచ్చు
గట్టిదే. కానీ డ్రాపర్లు (పై తీగ నుంచి కింది తీగను వేలాడదీసే చిన్న ముక్కలు) టంకం వేసేదానికి ఉక్కు ఏడిపిస్తుంది. మీటరుకు ఎన్ని డ్రాపర్లో లెక్క వేసుకో. రాగికి అయితే ఐరన్ ముట్టించి తీసేయడమే. ఒక జాగ్రత్త: ఒకేచోట ఎక్కువసేపు ఐరన్ పెడితే గట్టి రాగి అక్కడ మెత్తబడుతుంది. ముందే తీగకూ డ్రాపర్‌కూ కొంచెం టంకం పూసి పెట్టుకొని, కలిపేటప్పుడు రెప్పపాటు ముట్టించు.

గుంతకల్లు_లోకో
డ్రాపర్లు మాస్టుల మీద ఉంచి చేయాలా, బల్ల మీదనా?

కర్నూలు_సిటీ
మాస్టుల మీద చేస్తే నరకం. ఒక చెక్క మీద స్పాను బొమ్మ గీసుకో. పైన క్యాటినరీ వంపు, కింద కాంటాక్ట్ నేరుగా, మధ్యలో డ్రాపర్లు. మేకులు కొట్టి తీగలు వాటి మధ్య ఇరికించి టంకం వేయి. అన్ని స్పాన్లూ అచ్చు ఒకే మాదిరి వస్తాయి. మాస్టు దగ్గర రెండు తీగల మధ్య ఎడం అసలు రైల్లో 1.40 మీటర్లు, మనకు 16 మి.మీ. కాంటాక్ట్ వైరు పట్టా మీంచి 5.60 మీటర్ల ఎత్తు, మనకు 64 మి.మీ.
ఇన్సులేటర్లకు ముదురు గోధుమ రంగు పూసలు, 2 మి.మీ.వి. పింగాణీ మాదిరే మెరుస్తాయి.

తాడిపత్రి_గూడ్సు
మా అక్క పూసల డబ్బా ఖాళీ చేసేదానికి మంచి సాకు దొరికింది 😀

టవర్‌వ్యాగన్_తాత
స్టాగర్ మర్చిపోవద్దు. తీగ పట్టాల నడిమధ్యన నేరుగా పోకూడదు. ఒక మాస్టు దగ్గర ఇటు 200 మి.మీ., తర్వాతి మాస్టు దగ్గర అటు 200. మీకు రెండు మిల్లీమీటర్ల పైన. లేకుంటే పాంటో పట్టీ ఒకేచోట అరిగి గాడి పడుతుంది.

ఎర్రగుంట్ల_లైను
మలుపులో ఎట్ల? నాది 438 మి.మీ. వ్యాసార్థం.

గుత్తి_షెడ్డు
తీగ వంగదు కదా, మాస్టు నుంచి మాస్టుకు నేరుగానే పోతుంది. పట్టా మాత్రం కింద వంగుతుంది. మధ్యలో తేడా ఎంతంటే స్పాను వర్గాన్ని వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించు. మన పాంటో వెడల్పు అసలు 1800 మి.మీ., హెచ్‌ఓలో 20.7. తీగ అటు 4, ఇటు 4, మొత్తం 8 మి.మీ.కు మించి తిరగనివ్వొద్దు. 438కి లెక్కేస్తే స్పాను 167 వస్తుంది. అంటే 16 సెంటీమీటర్లకు ఒక మాస్టు. 900 వ్యాసార్థం అయితే 24 సెంటీమీటర్లు. నేరు దారిలో మాదిరి 48 పెడితే పాంటో తీగ కింద నుంచి తప్పుకుపోతుంది.

ఎర్రగుంట్ల_లైను
16కి ఒకటా! మాస్టుల అడివి అవుతుంది కదా.

గుత్తి_షెడ్డు
అవుతుంది. అందుకే మలుపు సొరంగంలోనో కొండ వెనకనో దాచుకుంటారు. ఇంకోటి, మాస్టు పట్టా నడుమ నుంచి 32 మి.మీ. దూరం అసలు లెక్కకు సరి. మలుపు బయటి వైపు అది చాలదు. ఎల్‌హెచ్‌బీ కోచి (ఇప్పటి పొడవు రైలు పెట్టె) హెచ్‌ఓలో 27 సెంటీమీటర్ల పొడవు, దాని మూల 438 మలుపులో పన్నెండు మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. 32 పెడితే రాసుకుంటుంది. 40 పెట్టు.

డోన్_జంక్షన్
కరెంటు సంగతికి వద్దాం. నా ఓటు వద్దు. తీగ ఉత్తదిగా ఉండనీ, డీసీసీ (ఒక్కో లోకోకు విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి) కరెంటు పట్టాల్లోంచే రానీ. పాంటోను సన్న దారంతో కట్టి తీగకు ఒక మిల్లీమీటరు కిందే నిలిపేయి. లాగుడు ఎక్కువ అక్కర్లేదు, టంకం ముడులకు తట్టుకునేది ఉండదు.

కర్నూలు_సిటీ
నేను ఒప్పుకోను. పాంటో తీగకు తగలకుండా పోతే అంత శ్రమ దేనికి? మాది పాత డీసీ లేఅవుట్. తీగలోంచి కరెంటు తీసుకొనే నడుపుతాం. ఒక పట్టా ఉమ్మడి, ఒక లోకో పట్టాల మీద, ఇంకోటి తీగ మీద, ఒకే దారిలో రెండింటినీ వేరువేరుగా నడపొచ్చు. డీసీసీ రాకముందు ఇదే కదా కిటుకు. లైట్లు ఆర్పి చూడండి, పాంటో దగ్గర చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఆ ఆనందం ఎవరికి చెప్పుకోవాల!

గుత్తి_షెడ్డు
మీ ఆనందం నాకు అర్థమవుతుంది. డీసీసీలో చిక్కు ఏమంటే, లోకో ఒక వైపు చక్రాలతోనూ పాంటోతోనూ కరెంటు తీసుకుంటుంది. దాన్ని తిప్పి పెడితే రెండో పట్టా నుంచి తీసుకుంటుంది. ఆ పట్టా, తీగ ఒకే కొసకు కలిపి ఉంటే లోకో కదలనే కదలదు. రెండు పట్టాలనూ కలిపేసి ఒక కొస, తీగ ఇంకో కొస చేస్తే ఆ బాధ పోతుంది. కానీ అప్పుడు డీజిల్ లోకోలు నడవవు. గుత్తి షెడ్డు వాణ్ని, డీజిల్‌ను వదులుకోమంటే నా వల్ల కాదు.

ఎర్రగుంట్ల_లైను
మన దుమ్ము సంగతి కూడా చూడాల. వారం తుడవకుంటే పట్టాలే కరెంటు ఇవ్వవు, తీగ కూడా తుడవాలంటే కష్టం.

గుంతకల్లు_లోకో
గుత్తి అన్న చెప్పిందే సరి నాకు. డీసీసీ, ఉత్త తీగ. కానీ పాంటో తీగకు తగలాల్సిందే, కర్నూలు అన్న మాదిరి. దానికి తాత చెప్పిన 400 గ్రాముల లెక్క పెట్టుకుంటా.
నడి మాస్టు ఒక్కటే ఉంచి మిగతా టంకాలు విప్పేసినా. చివర్లా బరువులు కట్టినా, ఎక్కువ కాదు, చూసేదానికని. ఈపొద్దు మధ్యాహ్నం గది కాలిపోతోంది, తీగ మాత్రం నిటారుగా ఉంది! బల్ల కింద బరువు కొంచెం కిందికి దిగింది, అంతే. తాతా, చేతులెత్తి మొక్కుతున్నా.

టవర్‌వ్యాగన్_తాత
సంతోషం నాయనా. పూర్తి బరువు పెట్టేటప్పుడు చివరి మాస్టు మీద లాగుడు పడనివ్వొద్దు. మేము గై రాడ్ వేసి నేలకు కట్టేస్తాం. నువ్వు మాస్టు వెనక నుంచి ఏటవాలుగా ఒక ఉక్కు తీగ బల్లకు బిగించు.

గుంతకల్లు_లోకో
రెండు సందేహాలు మిగిలినాయి. పాయింట్ల మీద రెండు తీగలు కలిసే చోట పాంటో పక్క తీగలో ఇరుక్కుంటుందని భయం. ఇంకోటి, సొరంగంలో తీగ కట్టలేను, చెయ్యి పోదు.

టవర్‌వ్యాగన్_తాత
పాయింటు కాడ రెండు తీగలూ పాంటోకు ఒకే ఎత్తులో అందాల. ఒకటి కిందికి ఉంటే అంతే, పాంటో కొమ్ము దాని పైకి పోయి పెరుక్కుంటుంది. దాటే చోట రెండింటినీ కలిపి టంకం వేసి, కింది వైపు ముద్ద లేకుండా సన్న ఆకురాయితో నున్నగా రాయి. లూపు తీగ చివరను దాటినాక నెమ్మదిగా పైకి లేపి మాస్టుకు కట్టేయి.

కర్నూలు_సిటీ
సొరంగంలో తీగ అక్కర్లేదు. రెండు అంగుళాల వెడల్పు సన్న ఇత్తడి రేకు పైకప్పుకు, తీగ ఎత్తులోనే అంటించు. రేకు మొదలును కొంచెం పైకి వంచితే పాంటో మెత్తగా దాని కిందికి దూరుతుంది. బయటికొచ్చే వైపు కూడా అంతే. పాంటో ఒక్కసారిగా పైకి లేచిందంటే మల్లా సొరంగం నోట్లో కొట్టుకుంటుంది.

డోన్_జంక్షన్
తీగలు వేసేముందు పట్టాలు బాగా తుడుచుకో. వేసినాక చెయ్యి పెట్టాలంటే మాస్టులు మోచేతికి తగుల్తాయి. తుడిచే కర్ర సన్నగా, పొడవుగా ఒకటి చేసుకో.

తాడిపత్రి_గూడ్సు
బల్లి తీగ మీద నడిస్తే?

టవర్‌వ్యాగన్_తాత
నీది ఉత్త తీగ కాబట్టి బల్లికి భయం లేదు. మాది 25 వేల వోల్టులు, కాకి గూడు కట్టినా ట్రిప్ అయ్యేది.

గుంతకల్లు_లోకో
పొద్దుటూరు ఆచారీ, 0.3 తీగ నాకు లాగి ఇస్తారా? పది మీటర్లు కావాల. ఏం ఖర్చయితే అది పంపిస్తా.

పొద్దుటూరు_కమ్మచ్చు
రాగికి ఏం ఖర్చు సామీ, లాగే కూలి నా సరదాకే. ఆర్టీసీ కార్గోలో వేస్తా. చుట్ట చుట్టను, చుడితే మల్లా వంపు పడుతుంది. రెండున్నర మీటర్ల ముక్కలు చేసి పీవీసీ పైపులో పెట్టి రెండు మూతలూ బిగించి పంపిస్తా. అందుకున్నాక వేళ్లతో మధ్యలో పట్టుకోవద్దు, కొసలు పట్టుకొని తీయి.